పాత బండి చెకింగ్ ఇక పొద్దున్నే, చల్లారిన ఇంజన్ మీదే

మా మెకానిక్ షెడ్డుకి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే ఒకటో తారీఖు నుంచి కొనేముందు చేసే సెకండ్‌హ్యాండ్ బైకు చెకింగ్ పద్ధతి మారుస్తున్నాం. పని మధ్యలో ఒక్కొక్కరికీ చెప్పబోతే సగం చెప్పి సగం వదిలేయాల్సి వస్తోంది, కొంతమంది మొహం మాడ్చుకుని వెళ్తున్నారు కూడా. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా.

చెకింగ్ ఇక పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకే. బండి ముందురోజు రాత్రే మా షెడ్డులో పెట్టాలి. కుదరకపోతే, ఏలూరు ఊళ్లోనే అయితే, అమ్మేవాళ్ల ఇంటికి మేమే వస్తాం. చార్జీ 400 రూపాయలు, కొన్నా కొనకపోయినా అంతే. ఇన్నాళ్లూ బండి కొని రిపేరు మా దగ్గరే చేయిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గించేవాళ్లం, అది ఆపేస్తున్నాం. వీడియో కాల్‌లో సౌండ్ వినిపించి "తీసుకోవచ్చా అన్నా" అని అడిగితే ఇక నా దగ్గర జవాబు ఉండదు.

ఎక్కువ గొడవ ఆ పొద్దున్నే అన్న షరతు మీదే. "సాయంత్రం ఆఫీసయ్యాక తెస్తా, పది నిమిషాలు చూడన్నా" అంటారు. పది కిలోమీటర్లు తోలుకొచ్చిన స్ప్లెండర్ దాదాపు ప్రతిదీ బాగున్నట్టే ఉంటుంది. లోపాల్లో సగం రాత్రంతా నిలబడ్డ ఇంజన్ని మొదటిసారి లేపినప్పుడే బయటపడతాయి. వాల్వు సీళ్లు (ఆయిల్ లోపలికి జారకుండా ఆపే రబ్బర్లు) పోయిన బండిలో రాత్రికి రాత్రి ఆయిల్ బొట్లుబొట్లుగా లోపలికి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చెయ్యగానే సైలెన్సర్లోంచి నీలంగా ఒక పొగ మేఘం వచ్చి, నిమిషంలో ఆగిపోతుంది. సాయంత్రం చూస్తే దాని ఆనవాలే ఉండదు. అదే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) అరిగిన బండి అయితే పొగ ఆగదు, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ పెరుగుతుంది. మొదటిది హెడ్డు పనితో పోతుంది, రెండోదానికి బోరు కొట్టించి పిస్టన్ మార్చాలి. రెండింటి ఖర్చుకీ చాలా తేడా. మీరు బేరం ఆడాల్సింది ఆ తేడా మీదే. చలికాలం పొద్దున వచ్చే తెల్లటి ఆవిరి చూసి మాత్రం కంగారు పడొద్దు. ఆయిల్ పొగ అయితే మాడు వాసన ముక్కుకి తగులుతుంది.

సౌండ్ల సంగతీ అంతే. పిస్టన్ బోరులో వదులైతే చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది, వేడెక్కి పిస్టన్ వ్యాకోచించాక అణిగిపోతుంది. కన్‌రాడ్ (పిస్టన్ని కిందున్న క్రాంకుకి కలిపే కడ్డీ) సౌండు దీనికి తిరగబడి ఉంటుంది, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక లోడు మీద ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి చల్లగా ఒకసారి వినాలి, అయిదారు కిలోమీటర్లు తోలి మళ్లీ వినాలి. అందుకే గంట, గంటన్నర పడుతుంది, పది నిమిషాల్లో అయ్యే పని కాదు.

ఇంకో కిటుకు ఉంది. స్ప్లెండర్‌కి కంపెనీ పొయ్యమనేది 10డబ్ల్యూ30 ఆయిల్. అమ్మే ముందు చిక్కటి 20డబ్ల్యూ50 పోస్తే టైమింగ్ చైన్ మోత కొంత, పొగ కొంత అణుగుతాయి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసినప్పుడు తేనెరంగులో మెరిసే కొత్త ఆయిల్ కనిపిస్తే నాకు సంతోషం వెయ్యదు. ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడ్ పోశారు అని అడుగుతాను. మంచి యజమాని డబ్బా చూపిస్తాడు.

స్టార్ట్ చేసే ముందు తాళం తిప్పకుండానే కిక్కు మీద చేత్తో మెల్లగా నొక్కి చూస్తాం. ఒకచోట గట్టిగా అడ్డుకోవాలి. మెత్తగా కిందిదాకా దిగిపోతే కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని నొక్కిపట్టే బలం) లేదన్నమాట. అలాంటి బండి అమ్మేవాళ్లే సాధారణంగా "సెల్ఫ్ ఉంది కదండీ, కిక్ ఎందుకు" అంటారు. ఇది మీరే చేసుకోవచ్చు, 400 అక్కర్లేదు. అలాగే మూడో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పండి. ఇంజన్ అరిచి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. రెండో గేరులో లాగి వదిలినప్పుడు న్యూట్రల్‌కి దూకితే గేర్‌బాక్స్ పని ఉంది. క్లచ్ ప్లేట్లకి నేను బండి వద్దనను. గేరు దూకితే అంటాను, ఎందుకంటే ఇంజన్ రెండు ముక్కలుగా విప్పాలి.

మీటరు రీడింగ్ నేను చూస్తాను గానీ లెక్కలోకి తీసుకోను. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 2018 మోడల్ బండి, మీటరు పద్నాలుగు వేలు, రెండు టైర్లూ 2022వి, ముందు స్ప్రాకెట్ (చైను తిప్పే చక్రం) పళ్లు కొడవలిలా వంగి ఉన్నాయనుకోండి, ఆ పద్నాలుగు వేలకి ముందు ఒక అంకె ఉండేదేమో అడగండి. బ్రేక్ పెడల్ నున్నగా అరగడం, ఫుట్‌రెస్ట్ రబ్బరు గీతలు పోవడం కూడా అబద్ధం చెప్పవు. ఛాసిస్ సంగతి చిన్న మాటలో: స్టీరింగ్ దగ్గర వెల్డింగ్ కనిపిస్తే మిగతా చెకింగ్ ఆపేసి డబ్బు తిరిగిచ్చేస్తాం. ఆ బండి ఎంతకైనా వద్దు.

2024 వరదల తర్వాత మాకు ఎక్కువ పని పెట్టింది మునిగిన బండ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగింది. వీధి వీధంతా బండ్లు మునిగాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్నవాళ్లకి ఒక్క రూపాయి రాదు. కడిగించి, ఆయిల్ మార్పించి అమ్ముకున్నారు. వాళ్లని నేను తప్పు పట్టను, ఇల్లే మునిగినవాడు బండినైనా అమ్ముకోవాలి కదా. చెప్పి అమ్మితే ఆ రేటు వేరే. చేతులు మారి మారి మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎక్కడో రాలిపోతోంది.

ఈమధ్య ఒక హెచ్‌ఎఫ్ డీలక్స్ వచ్చింది. కొత్త సీటు కవరు, పాలిష్ కొట్టిన సైలెన్సరు, సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్. పక్క కవరు తీసి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున సన్నటి ఒండ్రుమట్టి పొర, వేలితో గీస్తే పసుప్పచ్చ గీత పడింది. హెడ్‌లైట్ డోము లోపల వైరింగ్ జాయింట్ల మీద ఆకుపచ్చ చిలుము. వెనక చక్రం తీస్తే బ్రేక్ డ్రమ్ములో అదే మట్టి. కొనడానికి తెచ్చిన తమ్ముడు డిగ్రీ కుర్రాడు, చాలాసేపు ఆ వేలిగీతనే చూస్తూ కూర్చున్నాడు. ఇంజన్ అయితే నడుస్తోంది, ఇవాళ్టికి. కార్బురేటర్ బండి మునిగితే బాగు చెయ్యొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో చాలావాటికి ఈసీయూ (ఇంజన్ని నడిపే చిన్న కంప్యూటర్), సెన్సార్లు, ట్యాంకులో పెట్రోల్ పంపు ఉంటాయి. అవి ఎప్పుడు మొరాయిస్తాయో మేమూ చెప్పలేం. వాటిలో మీరే చూసుకోగలిగింది ఒకటుంది: తాళం ఆన్ చెయ్యగానే మీటర్లో ఇంజన్ గుర్తు లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో కావాలనే దాన్ని చంపేసి ఉండొచ్చు.

ఇక డబ్బు విషయం. పాడైన బండి మీరు కొంటే నిజానికి లాభం మాదే, రిపేరు మా దగ్గరికే వస్తుంది. చెకింగ్ డబ్బు బిల్లులో తగ్గిస్తున్నంతకాలం "తీసుకోండి" అనడానికి నాకొక కారణం ఉంటుంది. ఆ కారణమే లేకుండా చేస్తున్నాను. చెక్ చేసిన బండి మీరు కొంటే, మొదటి సర్వీసు తప్ప పెద్ద పని ఏదైనా ఇంకోచోట రేటు అడిగి అప్పుడు మా దగ్గరికి రండి. బండికింత అని ఇస్తామనే బ్రోకర్లు షెడ్డు ముందు తిరుగుతూనే ఉంటారు. వాళ్ల టీ తాగుతాం, డబ్బు తీసుకోం. పొద్దున పూట సర్వీసింగ్ పని రెండు గంటలు ఆగుతుంది కాబట్టి ఈ చెకింగ్ మీద మాకు మిగిలేది పెద్దగా ఏం లేదు. 400 కూడా ఎక్కువ అనిపించేవాళ్లు పైన రాసినవి సొంతంగా చేసుకోండి, నాకేం బాధ లేదు.

మేం ఇంజన్ విప్పం. లోపలి బేరింగులు, అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే వైరింగ్ జబ్బులు చెకింగ్‌లో దొరకకపోవచ్చు. కాగితం మీద గ్యారంటీ రాసిమ్మని అడగొద్దు, ఆ రోజు ఏం కనిపించిందో మాత్రం రాసి సంతకం పెట్టి ఇస్తాం. కాగితాల పని కూడా మాది కాదు. ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిపోయాయో లేదో మాత్రం చూస్తాం. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు, ఫైనాన్స్ ఉంటే దాన్ని ఆర్సీలోంచి తీయించే ఫారం 35, బాకీ లేదన్న కాగితం, పెండింగ్ చలాన్లు మీరు చూసుకోవాలి. ఖమ్మం వైపు నుంచి వచ్చే తెలంగాణ బండి అయితే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతికి రాకముందు అడ్వాన్సు కూడా ఇవ్వకండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో అడగండి, చాలామంది ఇది మర్చిపోతున్నారు.

బండి రాత్రి తొమ్మిదిలోపు పెట్టాలి, తాళం, ఆర్సీ జిరాక్సు ఇచ్చి వెళ్లాలి. పొద్దున మేం వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చెయ్యకూడదు. అమ్మేవారు "ఒకసారి వేడి చేస్తా" అంటే ఆ రోజుకి చెకింగ్ లేదు. ఆదివారం సెలవు. ట్యాంకులో కనీసం లీటరు పెట్రోలు ఉంచండి, రిజర్వులో ఉన్న బండిని బైపాస్ మీద నుంచి తోసుకొచ్చే ఓపిక మా కుర్రాళ్లకి అయిపోయింది.