కొండ నుంచి కడలి దాకా ఒక సైకిలు దారి

సంపాదకులకు నమస్కారం.

దక్షిణ ఐరోపాలోని కొండల్లో, సముద్రతీరాల్లో సాగే సైకిలు యాత్రల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగుంది. అయితే అలాంటి యాత్రకు కండబలమూ ఖరీదైన సైకిలూ ఉండి తీరాలన్న భావన అందులో మొదటి నుంచి చివరి దాకా కనిపించింది. రెండేళ్ల క్రితం సెప్టెంబరులో, ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకే, మా అల్లుడితో కలిసి అలాంటి దారిలో తొమ్మిది రోజులు సైకిలు తొక్కిన వాడిగా ఆ భావనతో నేను ఏకీభవించలేను. నన్ను ఆ దారిలోని కొండ కనుమ దాటించిన వాటిలో నా కాళ్ల బలం వంతు కొంచెమే. ఎక్కువ వంతు ఆ దారి మీద ఉన్న ఏర్పాట్లది. అటువంటి ఏర్పాట్లు మన తిరుపతి జిల్లాకూ కావాలన్న కోరికతో ఈ లేఖ రాస్తున్నాను.

స్లొవేనియాలోని క్రాన్స్కా గోరా అనే ఊరిలో బయలుదేరి, జూలియన్ ఆల్ప్స్ పర్వతాల్లోని వర్షిచ్ కనుమ దాటి, సోచా నది వెంట దిగి, ఇటలీలోని ట్రియెస్టె మీదుగా క్రొయేషియా తీరపట్టణమైన పోరెచ్ చేరాము. వర్షిచ్ ఎత్తు 1,611 మీటర్లు. క్రాన్స్కా గోరా నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపు దూరంలోనే దాదాపు 800 మీటర్లు ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు కంటే అది కాస్త ఎక్కువ, అంతే. కనుమకు రెండు వైపులా కలిపి 50 మెలికలున్నాయి. ఎక్కే వైపు 24, దిగే వైపు 26. ఎక్కే వైపు మలుపుల్లో తారుకు బదులు రాళ్లు పరిచారు. తడిస్తే చక్రం జారుతుంది కనుక అక్కడ తొందరపడకూడదు.

ఆ మలుపుల దగ్గర చిన్న బోర్డులుంటాయి. అది ఎన్నో మలుపో, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో వాటి మీద రాసి ఉంటుంది. చూడడానికి ఇది చాలా చిన్న విషయం. ఎనిమిదో మలుపు దాటాక నాకు ఊపిరి అందక, ఇక వెనక్కి వెళ్దామని మనసులో అనుకుంటుండగా, మా అల్లుడు వెనక్కి తిరిగి, "మామా, పైకి చూడొద్దు, వచ్చే బోర్డు దాకా తొక్కండి చాలు" అన్నాడు. ఆ తర్వాత నేను కొండనంతా ఎక్కడం మానేసి, ఒక్కొక్క బోర్డునే ఎక్కాను. మధ్యలో ఆగి మా ఆవిడ కట్టిచ్చిన చెనిక్కాయ ఉండలు తిన్న సమయంతో కలిపి మూడు గంటలు పట్టింది. ఫ్రాన్సులోని ఆల్ప్స్ కనుమల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. శిఖరం ఇంకెన్ని కిలోమీటర్లుందో, వచ్చే కిలోమీటరులో వాలు ఎంత శాతమో సైకిలు వారి కోసమే రాళ్ల మీద రాసి పెడతారు. ఎంత బలం ఇప్పుడు వాడాలో, ఎంత దాచుకోవాలో దాన్ని బట్టి మనిషి లెక్క వేసుకోగలుగుతాడు.

ఖరీదైన సైకిలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. నాది మామూలు ఉక్కు సైకిలు. దాని ముందు భాగంలోని అతి చిన్న పళ్లచక్రానికి 26 పళ్లు, వెనుక అతి పెద్ద దానికి 34 పళ్లు. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం ముప్పావు చుట్టు కంటే ఏ కొంచెమో ఎక్కువ తిరుగుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఆరు కిలోమీటర్లు సాగుతుంది. నడక కంటే కాస్త వేగం. సామానుతో కొండ ఎక్కేవారికి కావలసింది ఈ నిష్పత్తి మాత్రమే, అది చవకైన సైకిలుకూ అమరుతుంది. దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. బ్రేకు అదే పనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు కనుక, పట్టుతూ వదులుతూ, నాలుగైదు మలుపులకొకసారి ఆగి చల్లారనిస్తూ దిగాము.

ఆ దారిని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రష్యా యుద్ధఖైదీల చేత వేయించారు. 1916 మార్చిలో మంచుచరియలు విరిగిపడి వారిలో ఎందరో చనిపోయారు. తోటి ఖైదీలు వారి జ్ఞాపకంగా కట్టుకున్న చిన్న చెక్క ప్రార్థనాలయం ఇప్పటికీ దారి పక్కన ఉంది. మేము సైకిళ్లు నిలబెట్టి అక్కడ చాలాసేపు కూర్చున్నాము. కారులో వెళితే అది ఒక మలుపులో కనిపించి మరో మలుపులో మరుగయ్యేది.

సోచా లోయలో రెండో రోజు వాన పట్టుకుంది. మోస్ట్ నా సోచి స్టేషనులో సైకిళ్లకు వేరే టికెట్టు తీసుకొని, వాటితో సహా స్థానిక రైలు ఎక్కి నోవా గోరిత్సాకు చేరాము. ఆ రైలు సోల్కన్ దగ్గర 85 మీటర్ల మేర సాగిన ఒకే ఒక్క రాతి కమాను మీదుగా నదిని దాటుతుంది. మన దగ్గర సైకిలును రైల్లో తీసుకుపోవాలంటే పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేకు వ్యానుకు అప్పగించాలి. ప్యాసింజరు రైళ్లలోనైనా సైకిళ్లకు ఒక మూల కేటాయిస్తే ఎంతో మేలు.

ట్రియెస్టె నుంచి పోరెచ్ దాకా మేము వెళ్లిన దారి పేరు పరెన్జానా. అది ఒకప్పటి రైలు మార్గం. 1902లో మొదలై 1935లో మూతపడిన ఆ సన్నపట్టాల రైలు ఉప్పు, ద్రాక్షసారా, ఆలివ్ నూనె మోసుకుంటూ 123 కిలోమీటర్లు తిరిగేది. పట్టాలు తీసేశారు కానీ కట్ట, వంతెనలు, సొరంగాలు మిగిలాయి. వాటినే సైకిలు దారిగా మార్చారు. ఆవిరి ఇంజను ఎక్కగలిగిన వాలు కనుక అరవై దాటిన మనిషి కూడా దిగకుండా తొక్కగలడు. స్లొవేనియా తీరంలో ఒకచోట అర కిలోమీటరుకు పైగా సొరంగంలో వెళ్లాము. లోపల దీపాలున్నాయి, చల్లగా ఉంది, బయటికి రాగానే ఎదురుగా సముద్రం. తర్వాత సెచోవ్లియె ఉప్పుమడులు. ఆ పైన క్రొయేషియాలో దారి కంకరది. ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, కొండ నెత్తిన మోతోవున్ కోట. ఆ దారి మీద బడి పిల్లలను చూశాను, కూరగాయల సంచీతో ఇంటికి వెళ్తున్న ముసలమ్మను చూశాను. నాకు అన్నిటికంటే నచ్చినది అదే. యాత్రికుల కోసం వేసిన దారి ఊరివారికీ పనికివస్తోంది. స్పెయిన్ 1993 నుంచి ఇదే పద్ధతిలో వాడుకలో లేని రైలు మార్గాలను మూడు వేల కిలోమీటర్లకు పైగా నడకకూ సైకిళ్లకూ అప్పగించింది.

ఇక మన సంగతి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడడంతో శేషాచలం కొండలూ పులికాట్ సరస్సూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. తూర్పు కనుమల్లో పుట్టిన స్వర్ణముఖి చంద్రగిరి, తిరుచానూరు పక్కగా పారి, శ్రీకాళహస్తి ఆలయాన్ని ఒరుసుకుంటూ, నాయుడుపేట, వాకాడు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. సోచా నది కొండ నుంచి సముద్రానికి దారి చూపినట్టే మనకు స్వర్ణముఖి చూపుతోంది. నిడివిలోనూ ఈ రెండు నదులు దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఆ నది వెంబడి కట్టలూ పల్లెదారులూ ఇప్పటికే ఉన్నాయి. కొత్త రోడ్డు వేయమని నేను అడగడం లేదు. తెగిన చోట కలపాలి, మలుపు దగ్గర ఒక రాయి నాటాలి, తర్వాతి ఊరు ఎంత దూరమో, తాగే నీరు ఏ బడిలో, ఏ గుడిలో దొరుకుతుందో దాని మీద రాయాలి.

జాతీయ రహదారి ఉంది కదా అని కొందరు అనవచ్చు. కిందటి ఏడాది శ్రీకాళహస్తి దాటిన తర్వాత ఒక ప్రైవేటు బస్సు నా మోచేతిని రాసుకుంటూ పోయింది. పడి ఉంటే ఈ లేఖ రాసేవాణ్ని కాను. ఫ్రాన్సులో ఊళ్ల బయట, స్పెయిన్‌లో అంతటా సైకిలును దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం పాటించాలని చట్టం ఉంది. అలాంటి నియమం మన రాష్ట్రంలోనూ తెచ్చి పోలీసులు అమలు చేయాలి. రహదారి అంచున ప్రాణం అరచేతిలో పెట్టుకొని వెళ్లేది నాలాంటి యాత్రికులే అయితే ఇంత గట్టిగా అడగను. తెల్లవారుజామున పాలు తెచ్చేవారు, కూలికి వెళ్లేవారు, సైకిళ్ల మీద బడికి పోయే ఆడపిల్లలు రోజూ ఆ అంచునే వెళ్తున్నారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి అనే తమిళ నెలలో తమిళనాడు నుంచి పుత్తూరు మీదుగా కాలినడకన తిరుమలకు వచ్చే భక్తులదీ అదే అవస్థ. అలిపిరి మెట్లదారిలో 3,550 మెట్ల పొడవునా నీడ, నీరు, దీపం అమర్చగలిగిన ఊరు మనది. ఆ శ్రద్ధలో కొంత కొండ కింద కూడా చూపమని జిల్లా యంత్రాంగాన్ని, పర్యాటక శాఖను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

తిరుచానూరు నుంచి వాకాడు దాకా నది వెంట ఉన్న దారులను నేను ఇప్పటికి రెండుసార్లు తొక్కాను. ఎక్కడ కట్ట తెగిందో, ఎక్కడ ముళ్లకంపలు కమ్మాయో, ఏ ఊరి చెరువు దగ్గర వానాకాలంలో దారి మునుగుతుందో ఒక నోటుపుస్తకంలో గీసి పెట్టుకున్నాను. సంబంధిత అధికారులు అడిగితే ఆ పుస్తకం వారికి ఇస్తాను. చూపించడానికి వెంట కూడా వస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.