గాగుల్స్ అచ్చులు పోవాలంటే ముందు పట్టీ వదులు చేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి ఈత శిక్షణ మొదలైందంటే విజయవాడ తల్లిదండ్రుల నుంచి తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఈత గాగుల్స్ పెట్టుకుంటే పిల్లాడి కళ్ళ చుట్టూ గుండ్రంగా అచ్చులు పడుతున్నాయి, కళ్ళకింద ఉబ్బుతోంది, ఏ క్రీము రాయమంటారు?" అని. గాంధీనగర్ సర్ విజ్జీ ఈతకొలను లాంటి చోట్ల పొద్దున్నే ఈది అటునుంచి అటే ఆఫీసుకు వెళ్ళే పెద్దవాళ్ళదీ ఇదే బాధ. పత్రికల అందం చిట్కాల్లో దీనికి కీరదోస చక్రాలనీ నిమ్మరసమనీ రాస్తుంటారు. కీరదోస చల్లగా ఉంటుంది కనుక కొంత పనిచేస్తుంది, చల్లటి తడిగుడ్డయినా అంతే పనిచేస్తుంది. నిమ్మరసం మాత్రం కంటి దరిదాపులకు రానివ్వకండి. అసలు కిటుకు ఈ రెండింటిలోనూ లేదు, తలవెనక పట్టీలో ఉంది.

కళ్ళ చుట్టూ ఉండే చర్మం చాలా పలచన, సుమారు అర మిల్లీమీటరు మందం. కింద కొవ్వు తక్కువ, పట్టు కూడా వదులు. గాగుల్స్ అంచు నొక్కిన చోట చర్మంలోని నీరు పక్కకు తప్పుకుని గాడి పడుతుంది. కంటిమీద కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని కప్పు అంటాం, దానిలోని గాలి బయటికి పోయిన కొద్దీ ఆ కప్పు చర్మాన్ని లోపలికి పీలుస్తుంది, అప్పుడు ఆ నీరంతా వలయం లోపల చేరి ఉబ్బుగా కనిపిస్తుంది. కుర్రవాళ్ళలో అరగంటలో సర్దుకునే ఈ అచ్చు, యాభై దాటినవారిలో మధ్యాహ్నం దాకా ఉండొచ్చు. వయసుతో చర్మం సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం తగ్గుతుంది మరి. అంతమాత్రాన కంగారు అక్కర్లేదు. మర్నాడు పొద్దుటికీ అచ్చు అలాగే ఉంటే మాత్రం పట్టీ మరీ బిగుతుగా ఉందని, లేదా ఆ గాగుల్స్ ఆ ముఖానికి సరిపోవని అర్థం.

బీసెంట్ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా మనం చూసేది రంగూ ధరా. చూడాల్సింది ఇంకొకటుంది. పట్టీ తలకు తగిలించకుండా కప్పులు రెండూ కళ్ళమీద పెట్టి మెల్లగా నొక్కి చేతులు వదిలేయండి. రెండు మూడు సెకన్లు వాటంతట అవే నిలవాలి. వెంటనే జారిపోతే ఎక్కడో సందు ఉన్నట్టే. ఆ సందును పట్టీ బిగించి మూద్దామని చూస్తాం, అచ్చులకు అదే మొదలు. నీళ్ళను ఆపేది సిలికాన్ అంచు. పట్టీ ఆ అంచును కదలకుండా పట్టి ఉంచితే చాలు, దానికి అంతకుమించి పనిలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ముఖాలు బాగుపడతాయి.

నీళ్ళు లోపలికి వస్తుంటే పట్టీ జోలికి చివర్లో వెళ్ళాలి. ముందు అంచు కింద వెంట్రుకలు గానీ టోపీ మడత గానీ ఇరుక్కుందేమో చూడండి. తర్వాత ముక్కు మీది ముక్క. అది ఇరుకైతే కప్పులు కంటి లోపలి మూలల్లో గుచ్చుకుంటాయి, వెడల్పైతే ముక్కు పక్కనుంచి నీళ్ళు కారతాయి. కొన్ని రకాలకు మూడు సైజుల ముక్కలు పెట్టెలోనే వస్తాయి. చాలామంది వాటిని పెట్టెతో పాటే పారేస్తారు! ఆ తర్వాత పట్టీ ఎత్తు సరిచూడాలి. జంట పట్టీ ఉంటే తలవెనక ఉబ్బెత్తు భాగానికి ఒకటి పైన, ఒకటి కింద, మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. మెడ మీదికి జారిన పట్టీ కప్పులను కిందికి లాగి కింది అంచును బుగ్గలోకి దింపుతుంది, కళ్ళకింది సంచులు అందుకే ఎక్కువవుతాయి. ఇవన్నీ అయ్యాక కూడా కారుతుంటే అప్పుడు అర సెంటీమీటరు చొప్పున బిగించుకోవచ్చు. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి.

పిల్లలకు "రెండేళ్ళపాటు వస్తాయిలే" అని పెద్ద సైజు కొంటుంటారు. చొక్కా అయితే మడత పెట్టి కుట్టించవచ్చు, గాగుల్స్‌కు ఆ వీలు లేదు.

పోటీలకు వాడే చిన్న కప్పుల రకం కంటిగుంతలోనే కూర్చుంటుంది కనుక అచ్చు లోతుగా పడుతుంది. అసలు రబ్బరంచే లేని స్వీడిష్ రకం సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి అలవాటైన పోటీ ఈతగాళ్ళకే. నేర్చుకునేవారికీ, ఆరోగ్యం కోసం ఈదేవారికీ కనుబొమ ఎముక, బుగ్గ ఎముకల మీద ఆనే వెడల్పాటి మెత్తని సిలికాన్ అంచున్నవి మేలు. ఎముక మీద ఆనితే ఒత్తిడి పరుచుకుంటుంది. వాటినైనా ఈత అయ్యాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేస్తే అంచు వంకరపోతుంది, గట్టిపడుతుంది. గట్టిపడిన అంచు కారుతుంది, కారితే బిగిస్తాం, మళ్ళీ కథ మొదటికొస్తుంది.

ఈదేటప్పుడు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు చేరిన ప్రతిసారీ అరచేతులతో కప్పులను నొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ కొంత గాలి బయటికి పోయి పీల్పు పెరుగుతుంది. అది మానేసి, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి బయటి అంచు కింద వేలు పెట్టి గాలి చొరనివ్వండి. తీసేటప్పుడు కప్పులు పట్టుకుని ముందుకు లాగకూడదు. చెయ్యి జారితే సాగిన పట్టీ ఆ కప్పును కంటికేసి కొడుతుంది, గాయం చిన్నదేం కాదు. తలవెనక నుంచి పట్టీ ఎత్తి తీయడమే పద్ధతి.

కొలను అడుగున రూపాయి బిళ్ళ వేసి తీసే ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. నీళ్ళలో 10 మీటర్లు దిగితే ఒక వాతావరణమంత పీడనం అదనంగా పడుతుంది, రెండున్నర మీటర్ల లోతులో అందులో పావు వంతు. సముద్రంలో డైవింగ్‌కు వాడే మాస్కులో ముక్కు కూడా లోపలే ఉంటుంది, ముక్కుతో గాలి వదిలి లోపలి పీడనాన్ని సమం చేసుకోవచ్చు. ఈత గాగుల్స్‌లో ముక్కు బయట ఉంటుంది, ఆ వీలు లేదు. దిగిన కొద్దీ కప్పు కళ్ళను గట్టిగా పీలుస్తుంది. రెప్పల మీద ఎర్రటి చుక్కలు, తెల్లగుడ్డులో రక్తపు మరక రావడం దీనివల్లే. చూడ్డానికి భయంగా ఉన్నా చూపు బాగుండి నొప్పి లేకపోతే ఆ మరక సాధారణంగా రెండు వారాల్లో పోతుంది. అడుగుకు మునిగే ఆట ఆడించాలంటే గాగుల్స్ తీయించి ఆడించండి.

అచ్చు పడిపోయాక చేయగలిగింది కొంచెమే. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ ఐదు నుంచి పది నిమిషాలు వేసుకోవాలి, ఐసు ముక్క నేరుగా పెట్టకూడదు. తర్వాత ఉంగరపు వేలితో లోపలి మూల నుంచి కణతకు, అక్కడినుంచి చెవి ముందుకు, పదిసార్లు తేలిగ్గా జరపాలి. రుద్దితే ఉబ్బు పెరుగుతుంది. వాజిలీన్, సన్‌స్క్రీన్ లాంటివి ఈతకు ముందు అంచు ఆనేచోట రాస్తే అంచు జారి నీళ్ళు కారతాయి, వాజిలీన్‌ను ఈత అయ్యాకే రాసుకోండి. రాత్రి ఆవకాయ, ఊరమిరపకాయలు ధారాళంగా తిని పడుకుంటే పొద్దుటికి ముఖం ఎలాగూ కొంత ఉబ్బే ఉంటుంది, దానికి గాగుల్స్‌ను నిందించడం అన్యాయం.

అచ్చు సరిగ్గా అంచు ఆకారంలోనే ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలుతుంటే అది ఒత్తిడి వల్ల కాకపోవచ్చు. నల్ల రబ్బరు, ఫోమ్ అంచుల్లోని రసాయనాలు కొందరికి పడవు, పారదర్శకమైన సిలికాన్‌కు మారి చూడాలి. రోజూ అదేచోట ఒరుసుకుంటే మన చర్మాలపై నల్లటి వలయం మిగలొచ్చు. దానికి మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ క్రీములు తెచ్చి పూయడమంటే గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే. అవి కంటి దగ్గర చర్మాన్ని ఇంకా పలచన చేస్తాయి, కంటిలో ఒత్తిడిని పెంచగలవు. గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగి చూపును దెబ్బతీసే జబ్బు) ఆపరేషన్ అయినవారు గాగుల్స్ ఎంపికకు ముందే కంటి డాక్టరును అడగాలి.

ఒక్క కన్నే వాచి, ఎర్రబడి, కనుగుడ్డు తిప్పితే నొప్పి, జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈత లేని రోజుల్లో కూడా పిల్లల కళ్ళు పొద్దున్నే ఉబ్బి, సాయంత్రానికి పాదాలు వాస్తుంటే మూత్రపరీక్ష చేయించండి. కిడ్నీ జబ్బు తొలి గుర్తు అలా కనిపించవచ్చు.

కొలనులు నడిపేవారికి రెండు విన్నపాలు. కళ్ళమంటలో కొంత వంతు నీటిదీ ఉంటుంది. ఘాటుగా ముక్కుకు తగిలే వాసన నీరు శుభ్రంగా ఉందనడానికి గుర్తు కాదు, చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి పుట్టే క్లోరమైన్ల వాసన అది. కాబట్టి దిగేముందు ఒక నిమిషం షవర్ తప్పనిసరి చేసి, ఉదయం, సాయంత్రం క్లోరిన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) కొలతలను గేటు దగ్గర బోర్డుపై రాయండి. క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. రెండోది, శిబిరం మొదటిరోజు నీళ్ళలోకి దింపేముందు పది నిమిషాలు కేటాయించి ప్రతి పిల్లవాడి గాగుల్స్ కోచ్ చేతులతో సరిచేయించండి.

ఇట్లు,
ఒక ఈత శిక్షకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ