ఆ సీత సంగతి

చిరంజీవి అమ్ములుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. పెరటి చిక్కుడు పాదు ఈసారి బాగా కాసింది. నీ దగ్గర నుంచి కబురు వచ్చి పంతొమ్మిది రోజులైంది. నేను అందుకోసం ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక స్పానిష్ మాట గురించి నీతో ముచ్చటించాలనిపించి రాస్తున్నాను.

క్రిందటి గురువారం మీ అమ్మ నీకు ఫోను చేస్తే, అక్కడ స్పెయిన్‌లో నీ గదిలో ఉండే, పెరూ దేశపు లిమా నగరం అమ్మాయి తీసి, "నో ఎస్తా, తియెనె సీత" అని రెండుసార్లు చెప్పి పెట్టేసింది. అమ్మ ఆ సీత ఎవరో తెలియక సాయంత్రం దాకా మథనపడింది. చిన్నత్త వింటూ కూర్చుంది కాబట్టి, మాట తెల్లారేసరికి రాజోలు దాకా వెళ్లింది. స్పానిష్ నేర్చుకుంటున్న బుజ్జిగాడు వచ్చి, అది మనిషి పేరు కాదనీ, అబ్బాయిని కలుసుకోవడానికి వెళ్లిందని అర్థమనీ చెప్పాడు. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నేను ఆ సీత అనే మాట కోసం స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు తీసి చూశాను. ఇద్దరో, అంతకంటే ఎక్కువమందో కలిసి మాట్లాడుకోవడానికి రోజు, వేళ, చోటు నిర్ణయించుకోవడం ఒక అర్థం. ఒక గ్రంథంలోని మాటను ప్రమాణంగా ఉటంకించడం మరొకటి. రెండింటికీ మూలం పిలవడమనే అర్థమున్న లాటిన్ ధాతువే. ఒకచోట మనిషిని రమ్మని పిలుస్తాం, మరొకచోట పెద్దల మాటను సాక్ష్యానికి పిలుస్తాం. స్పెయిన్ రాజధాని మాద్రిదులో నాలుక కొసను పళ్ల మధ్యకు తెచ్చి "థీత" అంటారనీ, లిమాలో మన సీతలాగే పలుకుతారనీ అప్పుడే తెలిసింది. కరము అంటే చేయి, తొండము, కిరణము, పన్ను అని నీ చేత వల్లె వేయించిన రోజులు గుర్తొచ్చాయి. పక్కనున్న మాటలు చూడకుండా ఏ మాటకూ అర్థం చెప్పకూడదని అప్పుడే చెప్పాను. నీ సిద్ధాంత వ్యాసంలోనూ ఆ జాగ్రత్త తప్పకుండా పాటించు.

ఇక్కడా అంతే. స్నేహితులను ఊరికే కలవడానికి స్పెయిన్ వాళ్లు "కెదార్" అనే క్రియ వాడతారు. "ఉనా సీత" అంటే ప్రేమికుల కలయిక అనే అర్థం వైపు మొగ్గు ఉంటుంది. ఆ "ఉనా" (ఒక) లేకుండా "తియెనె సీత" (సీత ఉంది) అంటే చాలావరకు ఆఫీసులోనో, డాక్టరు దగ్గరో ముందుగా తీసుకున్న సమయమే. పైగా అమ్మ ఫోను చేసినది మనకు మధ్యాహ్నం రెండింటికి, అంటే మీకు ఉదయం తొమ్మిదిన్నరకు. వేలిముద్రలిచ్చి తీసుకునే విదేశీయుల కార్డు నీకు అక్టోబరులోనే వచ్చింది. ఇక ఆఫీసు పని లేదు కాబట్టి మిగిలింది డాక్టరే. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మళ్లీ కడుపులో మంటా? ఉదయం వట్టి కాఫీతో సరిపెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను! పెరుగన్నం తిను, చలిలో చెవులు కప్పుకో, మజ్జిగ మిరపకాయల డబ్బా అటక మీద పెట్టించు. మందులు రాసిస్తే ఆ చీటీ ఫొటో తీసి పంపు, మన డాక్టరు గారికి చూపిస్తాను.

నిఘంటువు చెప్పినట్లు రోజు, వేళ, చోటు మూడూ రాయి. ఒకవేళ బుజ్జిగాడు చెప్పిన సీతే అయితే అబ్బాయి పేరు కూడా రాయి. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

నాన్న