మన కాలనీ సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కాలనీలోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఈ ఏడాది మన కాలనీ సంగతంటే విజయవాడను ముంచిన బుడమేరు వాగు సంగతే. మిగతా పనులూ జరిగాయి. వాటిని చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ఏడాది మొదట్లో పనులన్నీ ఎన్నికల కోడ్ పేరు మీద ఆగిపోయాయి. సైడు కాలువల పూడిక తీయమని వేసవికి ముందే మనం ఇచ్చిన అర్జీ జూన్ దాకా కదల్లేదు. తర్వాత మనుషులు వచ్చి మెయిన్ రోడ్డు పక్క కాలువలో పూడిక తీశారు గానీ, ఆ బురదంతా కాలువ ఒడ్డునే కుప్పలు పోసి వెళ్లిపోయారు. ఎత్తించమంటే ట్రాక్టరు లేదన్నారు. జూలై వానలకు అందులో సగం మళ్లీ కాలువలోకే జారింది. ఏటా ఇదే తంతు. పూడిక తీసిన రోజే బురద ఎత్తకపోతే ఆ పని చేసినా చేయనట్టేనని అధికారులకు రాసి ఇచ్చాం.

ఆగస్టు 31 శనివారం కురిసిన వాన గురించి, ఆదివారం తెల్లవారేసరికి వీధుల్లోకి వచ్చిన నీళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. సంఘం రికార్డులో ఉండాలి కాబట్టి ఇంతమాత్రం రాస్తున్నాను. మైలవరం వైపు కొండల నుంచి దిగే బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో కృష్ణే పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, వెలగలేరు గేట్లూ ఎత్తారు. ఆ నీరంతా సింగ్ నగర్, మన కాలనీల మీద పడింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. గేట్లు ఎత్తుతున్నారన్న కబురు మన వీధులకు ముందుగా ఎందుకు చేరలేదని సంఘం రాతపూర్వకంగా అడిగింది. ఇప్పటిదాకా జవాబు రాలేదు. జవాబు వచ్చేవరకు అడుగుతూనే ఉంటాం.

నీళ్లున్నన్ని రోజులూ పై అంతస్తుల వాళ్లు కింది వాళ్లకు తలుపులు తెరిచారు. ఒక్కో పోర్షన్‌లో మూడు నాలుగు కుటుంబాలు సర్దుకున్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఈ సభ ముందు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బోట్లు మెయిన్ రోడ్డు దాకానే వచ్చేవి, లోపలి సందుల్లోకి రాలేదు. మన కుర్రాళ్లు లారీ ట్యూబులకు బల్లలు కట్టి పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు, మందులు ఇంటింటికీ చేర్చారు. డయాలసిస్‌కు వెళ్లాల్సిన ఒక పెద్దాయన్ని ఆ బల్ల మీదే కూర్చోబెట్టి ఫ్లైఓవర్ దాకా తోసుకెళ్లారు. సెప్టెంబరు 7న వినాయక చవితి వచ్చింది. ఆ ఏడాది పందిరి వేయకూడదని ఉత్సవ కమిటీ నిర్ణయించి, అప్పటికి వసూలైన చందా మొత్తం బ్లీచింగ్, ఫినాయిలు, చీపుర్లు, కొవ్వొత్తులకు ఇచ్చేసింది. ఆ స్వామి ఇంతకంటే గొప్ప పూజ కోరి ఉండడని నా నమ్మకం.

ఇక సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది మన కమ్యూనిటీ హాల్లో నడిచిన సహాయ కేంద్రం గురించి. నీళ్లు తీశాక ప్రభుత్వం పరిహారం ప్రకటించింది: మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు. ప్రకటన బాగానే ఉంది. కానీ ఇంటింటి నష్టం రాసుకునే ఎన్యూమరేషన్‌కు వచ్చేసరికి చాలా ఇళ్లకు తాళాలు ఉన్నాయి. జనం బురదకు తట్టుకోలేక చుట్టాల ఇళ్లకు పోయారు. ఉన్నవాళ్ల దగ్గర కాగితాలు లేవు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజులు అన్నీ బీరువా అడుగు అరలో నానిపోయాయి.

అందుకని హాలు స్తంభాల మధ్య తాళ్లు కట్టి కాగితాలన్నీ క్లిప్పులు పెట్టి ఆరేశాం. మన వీధి చివర ఇస్త్రీ బండి ఆయన తన ఇల్లు మునిగి ఉన్నా బండి తెచ్చి హాల్లో పెట్టాడు. ఒక్కో దస్తావేజును రెండు పాత లుంగీ ముక్కల మధ్య పరిచి, పెట్టె వేడి చేతి వెనక భాగంతో చూసుకుని, స్టాంపు చెరగకుండా నెమ్మదిగా రుద్దేవాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఈ రోజు సభలో మొదటి శాలువా ఆయనకే.

కాలేజీ పిల్లలు ల్యాప్‌టాప్‌లు తెచ్చుకుని కూర్చుని, ఎవరి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయ్యింది, ఎవరికి కాలేదు చూసి పెట్టారు. వార్డు సచివాలయంలో పరిహారం జాబితా అంటించగానే దాన్ని ఫొటో తీసి తెచ్చి, వీధి వీధికీ పేర్లు సరిచూశారు. అన్నిటికంటే తలనొప్పి అద్దె ఇళ్లది. సామాను పోయింది అద్దెకున్నవాళ్లది, కరెంటు బిల్లు మీద పేరు ఓనరుది. మూడో వీధిలో కుట్టు మిషను మీద బతికే ఒక అమ్మ ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంది. ఎన్యూమరేషన్ రోజున ఆమె అక్క ఇంట్లో ఉంది. జాబితాలో పేరే లేదు. ఇంటి ఓనరు చేత ఉత్తరం రాయించి, ఇరుగుపొరుగు సంతకాలు పెట్టించి, తుప్పు పట్టిన మిషను ఫొటో జతచేసి అర్జీ పెట్టాం. ఆమె ఖాతాలో డబ్బు పడిన రోజు హాల్లో అందరం స్వీటు తిన్నాం. అర్జీలు పెట్టిన వాళ్లలో కొందరికి ఇంకా రాలేదు. ఆ ఫైళ్లు సంఘం దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటిని వదిలిపెట్టేది లేదు. ఈ విషయంలో ఓపికగా మన మాట విన్న వార్డు సచివాలయ సిబ్బందికి కృతజ్ఞతలు. కిందివాళ్లు పంపిన కాగితాలను పైన కట్ట కట్టి పెట్టినవాళ్లకు చెప్పాల్సింది మాత్రం నేరుగా చెప్పాం.

మిగతా పనులు: వరద తర్వాత దోమల మందు కొట్టించాం, వైద్య శిబిరం పెట్టించాం. చెడిపోయిన వీధి దీపాలు చాలావరకు మార్పించాం. రెండో వీధి మలుపులోది ఇంకా వెలగడం లేదు. చెత్త పన్ను రద్దు కోసం మనం ఇచ్చిన వినతులూ ఊరికే పోలేదు, ప్రభుత్వం ఆ పన్ను ఎత్తేసింది. కుక్కల బెడద మీద ఫిర్యాదులు ఇచ్చాం, పని సగమే అయింది. సంక్రాంతి ముగ్గుల పోటీ, రిపబ్లిక్ డే జెండా వందనం ఎప్పటిలాగే జరిగాయి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టి రసీదు తీసుకోవాలని మనవి.

ఒక మాట మనసులో పెట్టుకోకుండా చెబుతాను. వరదప్పుడు పిలవకుండానే వచ్చిన చేతులు దసరా దాటాక పిలిచినా రాలేదు. వీధికొక ప్రతినిధి అని అందరం కలిసి తీర్మానించుకున్నాం. నెలవారీ సమావేశానికి వచ్చేది అవే నాలుగు ముఖాలు. అధికారుల దగ్గరికి వెళ్లేటప్పుడు పదిమంది ఉంటే ఒక లెక్క, ఇద్దరే ఉంటే ఇంకో లెక్క. ఇది మీ అందరికీ తెలిసిందే. కాలువ మీద సొంతంగా పలకలు వేసి మెట్లు, షెడ్లు కట్టుకున్న సభ్యులు కూడా దయచేసి తీసేయాలి. ఆ పలకల కింద పూడిక తీయడానికి మనిషి చేయి పట్టదు. ఇతరుల ఆక్రమణల మీద అర్జీలు పెట్టే మనం ముందు మన గుమ్మం చూసుకోవాలి.

వచ్చే వానాకాలంలోగా చేయాల్సినవి ఇవి. మే నెలాఖరుకు సైడు కాలువల పూడిక తీయించాలి, బురద అదే రోజు ఎత్తించాలి. మంచం పట్టినవాళ్లు, గర్భిణులు, డయాలసిస్ రోగులు ఏ ఇంట్లో ఉన్నారో వీధివారీ జాబితా రాసుకోవాలి. ట్యూబులు, తాళ్లు, టార్చిలైట్లు హాలు అటక మీద సిద్ధంగా ఉంచాలి. దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలో ఉంచుకోండి.

ఈ జాబితా పనికి ప్రతి వీధి నుంచి ఇద్దరు కావాలి. భోజనాలకు లేచే ముందు సహాయ కార్యదర్శి గారి దగ్గర పేరు, ఫోన్ నంబరు రాయించి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి