బావా, ముందు టేపు పట్టుకో

ఒరేయ్ బావా,

మీ ఇంటిమీద ఇంకో అంతస్తు వేస్తున్నారని, పని మొదలయ్యేలోపు ఇల్లంతా కంప్యూటర్లో నువ్వే గీసి చూసుకోవాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషమేసిందిరా. మంచి ఆలోచన. గోడ కట్టాక మార్చడమంటే పగలగొట్టడమే, తెరమీద అయితే నాలుగు క్లిక్కులు. ఫోన్లో చెబుదామనుకున్నా, కానీ ఇందులో అన్నీ కొలతలే. నోటితో చెబితే సగం జారిపోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగావు కదా. నీ పనికి స్వీట్ హోమ్ 3డీ సరిపోతుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనైనా మ్యాక్‌లోనైనా లినక్స్‌లోనైనా నడుస్తుంది. పైన ప్లాన్ గీస్తుంటే కింద అదే ఇల్లు 3డీలో లేస్తూ కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు ఆ ముచ్చటే వేరు. స్కెచప్ అని ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని అవసరం ఎక్కడ పడుతుందో తర్వాత చెబుతా. రెండూ ఒకేసారి మొదలుపెట్టకు, రెండింటి అలవాట్లూ కలగాపులగం అయిపోతాయి.

ఇన్‌స్టాల్ చేసిన ఉత్సాహంలో వెంటనే సోఫాలు, మంచాలు లాగి పడేయాలనిపిస్తుంది. ఒక్కరోజు ఆగు. ఆ రోజంతా టేపు, పెన్సిలు, ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లంతా తిరుగు. ప్రతి గదికీ పొడవు, వెడల్పు, ఎత్తు రాయి. ప్రతి కిటికీకీ వెడల్పు, ఎత్తు, నేల నుంచి కిటికీ అడుగు అంచు దాకా ఎంతో రాయి. ఆ మూడోది చాలామంది వదిలేస్తారు, తర్వాత మోడల్లో కిటికీ కింద బల్ల పెడితే అద్దానికి అడ్డం వస్తుంది. గోడ మందం గుమ్మం దగ్గర కొలువు, అక్కడే తేలిగ్గా దొరుకుతుంది. బీము కిందికి ఎంత దిగిందో కూడా రాసుకో.

ఇంకొకటి. ప్రతి గదికీ మూల నుంచి ఎదురు మూలకి రెండుసార్లు కొలువు, అటొకసారి ఇటొకసారి. గది 12 అడుగులకి 9 అడుగులు అనుకో, మూలలు సరిగ్గా లంబకోణంలో ఉంటే రెండు కొలతలూ సరిగ్గా 15 అడుగులు రావాలి. ఒకటి 15, ఇంకొకటి 14 అడుగుల 9 అంగుళాలు వచ్చిందంటే ఎక్కడో ఒక గోడ వంకరగా ఉందన్నమాట. పాత ఇళ్లలో ఇది మామూలే. దాన్ని మోడల్లో సరిచేసి దీర్ఘచతురస్రంగా గీయకు, ఉన్నది ఉన్నట్టే గీయి. బీరువా మూలకి అంటుకోకుండా సందు మిగిలేది ఆ వంకర దగ్గరే.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతా, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. మా అక్కావాళ్ల వంటగది మార్చేటప్పుడు పాత ప్లాన్ కాగితం స్కాన్ చేసి, దాన్ని వెనక బొమ్మగా పెట్టుకుని మీద గోడలు గీశాను. బొమ్మ పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ స్కేలు అడుగుతుంది, అంటే బొమ్మ మీద ఒక గీత చూపించి దాని అసలు పొడవు ఎంతో చెప్పాలి. నేను ఒక గుమ్మం చూపించి 36 అంగుళాలని రాశాను. కానీ గీత చివర సరిగ్గా గుమ్మం అంచుమీద పడలేదు, నేను గీసింది నిజానికి 35 అంగుళాలే. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. ఆ ఒక్క అంగుళం నిష్పత్తి ఇల్లంతా పాకింది. 36 అడుగుల ఇల్లు మోడల్లో ఒక అడుగు పెరిగింది, 9 అడుగుల వంటగది 3 అంగుళాలు పెరిగింది. వడ్రంగి నేనిచ్చిన కొలతతోనే అల్మరాలు చేసుకొచ్చాడు. చివరి అల్మరా గోడకీ పక్క దానికీ మధ్య పట్టలేదు. అక్క ఏమీ అనలేదు, కానీ ఆ చెక్క కోస్తుంటే చూడటం నాకు చాలా కష్టంగా అనిపించింది. అప్పట్నుంచి స్కేలు ఎప్పుడూ ప్లాన్‌లో అన్నింటికన్నా పొడుగ్గా ఉన్న కొలతతోనే పెడుతున్నా. 36 అడుగుల గోడమీద ఒక అంగుళం తప్పినా వంటగదికి వచ్చేసరికి పావు అంగుళమే తేడా వస్తుంది. స్కేలు పెట్టాక ఇంకెక్కడైనా రెండు చోట్ల కొలిచి నోటుబుక్కుతో సరిచూసుకుంటా.

గోడలు గీసేటప్పుడు మౌస్‌తో అందాజుగా లాగకు. గోడ మొదలుపెట్టి ఎంటర్ నొక్కితే పొడవు, కోణం టైపు చేసే చోటు వస్తుంది, అక్కడ అంకె కొట్టు. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్వీట్ హోమ్ 3డీలో గోడ గీత గోడ మందానికి సరిగ్గా మధ్యలో పోతుంది. నువ్వు టేపుతో కొలిచింది గది లోపలి కొలత. లోపల 12 అడుగులుండి, రెండు పక్కలా గోడలు 9 అంగుళాల మందమైతే, నువ్వు టైపు చేయాల్సింది 12 అడుగుల 9 అంగుళాలు. ఆ పక్క సగం, ఈ పక్క సగం కలిసి ఒక గోడ మందం అవుతుంది కదా. ఇది తెలియక 12 అని కొడితే ప్రతి గదీ 9 అంగుళాలు చిన్నదవుతుంది, ఎక్కడ తప్పామో అర్థం కాక టెన్షన్ పడతాం. గీశాక కొలత గీతల టూల్‌తో గది లోపలివైపు ఒకసారి కొలిచి చూడు.

అలాగే గోడ మందం, గోడ ఎత్తు, అడుగులా మీటర్లా అన్నది మొదటి గోడ గీయకముందే ప్రిఫరెన్సెస్‌లో, అంటే సెట్టింగుల్లో పెట్టుకో. మందం, ఎత్తు తర్వాత మారిస్తే కొత్త గోడలకే వర్తిస్తుంది, పాతవి ఎంచుకుని మళ్లీ మార్చాలి. గదులు గీసే టూల్ ఎంచుకుని గదిలో డబుల్ క్లిక్ చేస్తే నేల దానంతటదే పరుచుకోవాలి. పరుచుకోలేదంటే ఏదో మూలలో రెండు గోడలు కలవలేదు. జూమ్ చేసి వెతుకు, దొరుకుతుంది.

ఇక అసలు విషయం, మెట్లు. పై అంతస్తు అన్నావు కాబట్టి నువ్వు ఎక్కువసేపు కూర్చోవాల్సింది దీని దగ్గరే. కేటలాగ్‌లో మెట్ల బొమ్మ ఉంటుంది, తెచ్చి పెడితే ఇల్లు పూర్తయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ బొమ్మని ఎంత లాగితే అంత సాగుతుంది, మెట్ల సంఖ్య మాత్రం మారదు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎక్కడానికి ఒక్కో మెట్టు మోకాలెత్తు కావచ్చు. అందుకే ముందు కాగితం మీద లెక్క వేసుకో. నేల నుంచి పైకప్పు అడుగు దాకా 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. శ్లాబు మందం 6 అంగుళాలు కలుపు, అదే మర్చిపోతారు. మొత్తం 126. మెట్టు ఎత్తు 7 అంగుళాలు పెట్టుకుంటే 18 ఎత్తులు. చివరి ఎత్తు ఎక్కితే పై అంతస్తు నేలే కాబట్టి కాలు పెట్టే పలకలు 17. ఒక్కోటి 10 అంగుళాలనుకుంటే 170 అంగుళాలు, అంటే 14 అడుగుల 2 అంగుళాల చోటు. మలుపులో చదును పెడితే అది అదనం.

7, 10 ఎక్కడివంటావా? రెండు ఎత్తులు, ఒక పలక వెడల్పు కలిపితే 24 అంగుళాల దగ్గర్లో ఉండాలన్న లెక్క ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్వా బ్లాండెల్ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ మనిషి నడకలో వేసే అడుగు పొడవును బట్టి చెప్పిన సూత్రం అది, ఇప్పటికీ వాడుతున్నారు. రెండు ఏడులు పద్నాలుగు, పది కలిపితే ఇరవై నాలుగు. మీ అమ్మగారి మోకాళ్ల సంగతి నాకు తెలుసు కదా, ఆవిడ కోసం 19 ఎత్తులు చేసి, ఒక్కోటి ఆరున్నర పైచిలుకుకి తగ్గించి పలక 11 చెయ్యి. ఇంకో రెండడుగుల పైచిలుకు చోటు పోతుంది, పోనీ.

మెట్ల మీద తల సంగతి కూడా చూడాలి. పై శ్లాబులో కంత ఎంత పొడవుండాలో మోడల్లోనే తేల్చుకో. తలకి 7 అడుగులు కావాలనుకుందాం. ఐదో మెట్టు ఎత్తు 35 అంగుళాలు, దానికి 84 కలిపితే 119, శ్లాబు అడుగు 120లో ఉంది కాబట్టి అక్కడిదాకా ఫర్వాలేదు. ఆరో మెట్టు నుంచి పైన ఖాళీ ఉండి తీరాలి. అంటే 12 పలకల పొడవు, 10 అడుగుల కంత. పై అంతస్తులో ఆ 10 అడుగులూ గదికి రావు. నువ్వు పంపిన స్కెచ్‌లో సరిగ్గా ఆ చోటే పిల్లల గది గీశావురా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

సామాను సంగతికొస్తే, కేటలాగ్‌లోని అందమైన సోఫా మీ ఇంట్లో సోఫా కాదు. మీ మంచం, బీరువా, ఫ్రిజ్ కొలిచి, అదే సైజు ఉత్త పెట్టెలు పెట్టు. అందం లేకపోయినా ఫర్వాలేదు, కొలత నిజం కావాలి. బీరువా తలుపు తెరుచుకునే చోటు కూడా నేలమీద గీసుకో. 3 అడుగుల గుమ్మం తలుపు 3 అడుగుల మేర తిరుగుతుంది, ఆ తిరిగే దారిలో మంచం కోడు వస్తుందా లేదా అన్నది చూసుకోవాలి. నడిచే దారికి 3 అడుగులు వదులు.

తర్వాత విహంగ వీక్షణం వదిలేసి లోపలికి దిగు. వర్చువల్ విజిటర్ అని ఒక బొమ్మ మనిషి ఉంటాడు, వాడి కంటి ఎత్తు నీకూ, తర్వాత ఇంట్లో మిగతావాళ్లకీ సరిపోయేట్టు మార్చి ప్రతి గదిలో నడిపించు. గుమ్మంలో నిలబడి ఏం కనిపిస్తోంది, వంట చేసేవాళ్లకి బయటి తలుపు కనిపిస్తోందా, మంచం మీద పడుకుంటే వెలుతురు కళ్లల్లో కొడుతోందా చూడు. కెమెరా చూపు కోణం మాత్రం 60 డిగ్రీల దగ్గర ఉంచు. 90కి పెంచితే చిన్న గది కూడా పెద్ద హాల్లా కనిపిస్తుంది.

ఎండ కోసం ఉత్తరం గుర్తు సరిగ్గా పెట్టి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వు. ఫోన్ దిక్సూచితో ఉత్తరం చూసేటప్పుడు ఇనుప గేటు, పిల్లర్ల పక్కన నిలబడకు, ముల్లు పక్కకి లాగేస్తుంది. జూన్ 21కీ డిసెంబర్ 21కీ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో ఫొటో తీయి. మొదట చిన్న సైజులో తీసి చూసుకో, పెద్ద సైజుది రాత్రి పెట్టి పడుకో.

స్కెచప్ నీకు బాల్కనీ రెయిలింగు, వాలు పైకప్పు లాంటివి సొంతంగా చెయ్యాలనుకున్నప్పుడు పనికొస్తుంది. అందులో ఏది గీసినా వెంటనే గ్రూప్ చెయ్యి, లేకపోతే పక్కనున్నదానికి అంటుకుపోయి ఒకటి కదిపితే ఇంకోటి సాగుతుంది. ఒకేలాంటి కిటికీలు కాంపోనెంట్‌గా చేస్తే ఒకటి మారిస్తే అన్నీ మారతాయి. పాత వీడియోల్లో గూగుల్ స్కెచప్ అని వింటే కంగారుపడకు, 2012లో అది ట్రింబుల్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. గీసినవాటిని వర్గాలుగా విడదీసి దాచడానికీ చూపించడానికీ వాడే లేయర్స్‌ని వాళ్లు 2020 నుంచి ట్యాగ్స్ అంటున్నారు.

ఒక్క విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ మాట వినకు. ఏ గోడని ఎంచుకుని డిలీట్ కొట్టినా నోరు మెదపకుండా తీసేస్తుంది. ఆ గోడమీద ఇంటి బరువుందో లేదో దానికి తెలియదు. పాత ఇంటిమీద కొత్త అంతస్తు ఎక్కుతోంది కాబట్టి కింద పునాది మోస్తుందా, ఏ గోడ తీయొచ్చు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి చెప్పాలి. నువ్వు చేసిన మోడల్ ఆయన ముందు పెడితే నీకేం కావాలో ఆయనకి చప్పున అర్థమవుతుంది, నీ ప్రశ్నలూ స్పష్టంగా ఉంటాయి.

ఫైలు ప్రతిరోజూ తేదీతో కొత్త పేరుమీద సేవ్ చెయ్యి. మెట్లు ఎడమవైపు పెట్టిన ప్లాన్ ఒక ఫైలు, కుడివైపు పెట్టింది ఇంకో ఫైలు. ఇంట్లోవాళ్లకి రెండూ పక్కపక్కన చూపించొచ్చు.

ఈ ఆదివారం కొలతలు పూర్తిచేసి ఆ నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపు. మెట్ల కొలతలు ముందు చూస్తా, పిల్లల గది ఎటు జరపాలో అప్పుడు ఇద్దరం కూర్చుని తేలుద్దాం. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ నేస్తం