టికెట్ క్లోజ్ చేశారు, టేపు మాత్రం విప్పలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ స్టార్ ట్రాకర్ సరిగ్గా తిరగట్లేదు, మీరు మాత్రం నన్ను బాగానే తిప్పుతున్నారు.

అయ్యా,

దసరా ఆఫర్లో మీ దగ్గర కొన్న ట్రాకర్ గురించి ఇది నా ఆరో ఉత్తరం. మొదటి ఐదింటికీ జవాబు వచ్చింది లెండి, "మీ సహనానికి ధన్యవాదాలు" అని. నాకు సహనం ఉందని మీకెవరు చెప్పారు?

సమస్య చిన్నది. భూమి తిరిగే వేగానికి తగ్గట్టు కెమెరాను తిప్పడం దాని పని. తిప్పట్లేదు. 30 సెకన్ల ఫోటోలో చుక్కలన్నీ జీలకర్ర గింజల్లా సాగి వస్తున్నాయి.

మొదటిసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి "ఏం ఫోటో తీస్తున్నారు సార్?" అంది. గెలాక్సీ అన్నాను. వెంటనే మొబైల్ ఫోన్ల విభాగానికి కలిపింది. అక్కడ ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక "ఫోన్ మోడల్ నంబర్ చెప్పండి" అన్నారు.

రెండోసారి ఒకబ్బాయి. ఓపిగ్గా అంతా విని, "కొంచెం దగ్గరగా ఉన్నదాన్ని తీసి చూడండి సార్" అన్నాడు. నేను తీస్తున్నది ఆండ్రోమెడాని. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. మనకి దగ్గర్లో ఉన్న పెద్ద గెలాక్సీ అదే నాయనా.

మూడో ఆయన సీనియరట. "మీది కూకట్‌పల్లి కదా సార్, సిటీ లైట్లకి చుక్కలు సాగుతాయి" అని తేల్చేశాడు. లైట్ల గురించి నాకా చెప్పేది? పక్క సందులో ఫంక్షన్ హాలు, ఎదురుగా హోర్డింగు. అర్ధరాత్రి కూడా మా డాబా మీద ఆకాశం పల్చటి టీ రంగులో ఉంటుంది. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తే ఫోటో తెల్లగా పాలిపోతుంది. అందుకే చిన్నచిన్నవి 400 తీసి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్నాను. లైట్లు గెలాక్సీని మింగేస్తాయి గానీ చుక్కల్ని సాగదీయవు. కొత్తవాణ్ణే, ఒప్పుకుంటాను. తప్పు నాదేనేమోనని వారం రోజులు మోకాళ్ళ మీద కూర్చుని, పక్కింటి వాటర్ ట్యాంకు పక్కన 17 డిగ్రీల ఎత్తులో మినుకుమనే ధ్రువ నక్షత్రానికి ట్రాకర్ ఇరుసుని గురి చూసుకున్నాను, అది భూమితో పాటు సరిగ్గా తిరగాలంటే అలా పెట్టాలి మరి. చివరికి తెలిసినాయన తన పాత ట్రాకర్ తెచ్చి అదే డాబా మీద, అదే కెమెరాకి పెడితే చుక్కలు ఆవగింజల్లా వచ్చాయి.

ఆ ఫోటోలు రెండూ మీకు పంపాను. ఎవరైనా తెరిచి చూశారా?

సర్వీస్ సెంటర్‌కి పంపమంటే పంపాను. పద్దెనిమిది రోజుల తర్వాత "లోపం ఏమీ లేదు" అన్న చీటీతో తిరిగొచ్చింది. బయటి అట్టపెట్టె కొత్తది. లోపల ట్రాకర్ డబ్బాకి నేను చుట్టిన బ్రౌన్ టేపు చుట్టినట్టే ఉంది, మా అమ్మాయి దాని మీద అంటించిన నెమలి స్టిక్కర్‌తో సహా. డబ్బా విప్పకుండానే లోపం లేదని కనిపెట్టిన మీ ఇంజనీరుకి నా నమస్కారాలు. ఆ సాయంత్రమే మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది, 5 స్టార్లు ఇవ్వండి." ఇస్తాను, కానీ నా దగ్గరున్నవన్నీ జీలకర్ర స్టార్లే.

2014లో నా మొదటి కెమెరా మీ దగ్గరే కొన్నాను. తమ్ముడి పెళ్ళికి లెన్సు, ఆఫీసులో నలుగురికి ట్రైపాడ్లు, అన్నీ మీ షాపే. ఆన్‌లైన్లో తక్కువకి వస్తుందన్నా వినలేదు. అమ్మేటప్పుడు "అన్నా" అని టీ తెప్పించిన కుర్రాడు ఇప్పుడు నా నంబర్ చూస్తే ఫోన్ ఎత్తడు.

గెలాక్సీ ఫోటోలకి వెన్నెల లేని రాత్రులే మంచివి. దీపావళి అమావాస్య పొగకి పోయింది. కార్తీక, మార్గశిర, పుష్య అమావాస్యలు మీకు పోయాయి. ఫిబ్రవరి దాటితే ఆండ్రోమెడా పొద్దుగూకగానే పడమటికి వాలిపోతుంది. ఆ తర్వాత సప్తర్షుల వైపు గెలాక్సీలైనా తీద్దామంటే జూన్ నుంచి మబ్బులు. అవి విడేసరికి మీ వారంటీ అయిపోతుంది. ఎదురుచూస్తున్నది దాని కోసమేనా?

కొత్తది ఇస్తారో, డబ్బులిస్తారో మీ ఇష్టం. ముందు ఆ రెండు ఫోటోలు చూసిన మనిషి ఒక్కరు నాతో మాట్లాడాలి. పది రోజుల్లో మాట్లాడకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మా బావమరిది లాయరు, నా దగ్గర ఫీజు తీసుకోడు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: డబ్బా మళ్ళీ పంపుతున్నాను. ఈసారి టేపు మీద అడ్డంగా సంతకం చేసి ఫోటో తీసుకున్నాను.