సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవానికి అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న శనివారం మేం జరిపిన సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవానికి వచ్చినవాళ్లకూ, దాన్ని భుజాన వేసుకుని నడిపినవాళ్లకూ మనసారా కృతజ్ఞతలు. తమ పేర్లు రాయవద్దని చాలామంది ముందే చెప్పారు కనుక చేసిన పనిని బట్టే చెబుతాను. ఎవరి గురించి రాశానో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ఎవరైనా వాడుకుని, లోపలి కోడ్ చూసి మార్చుకుని, ఇతరులకు పంచగల సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. దాన్ని పరిచయం చేసే ఈ దినోత్సవం 2004లో మొదలైంది. సాధారణంగా సెప్టెంబరు మూడో శనివారం నాడు అనేక దేశాల్లో ఎక్కడికక్కడ జరుపుకుంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్, పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును 1983లో ప్రకటించింది కూడా సెప్టెంబరులోనే. అయితే ఈసారి వచ్చినవాళ్లలో చాలామందిని రప్పించింది చరిత్ర కాదు, చంకలో ఉన్న పాత లాప్‌టాప్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పెట్టుకుందామంటే, అది అడిగే భద్రతా చిప్పో ప్రాసెసరో వాళ్ల యంత్రాల్లో లేదు. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ఇంట్లో పిల్లల చదువు దాని మీదే సాగుతోంది. అలాంటి యంత్రాన్ని పక్కన పడేయాలా, లేక విండోస్ బదులు లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవచ్చా అన్న ప్రశ్నతో వచ్చారు. వాళ్లకు ఓపికగా జవాబు చెప్పింది మీరే.

హాలు ఇచ్చిన గ్రంథాలయ సిబ్బందికి మొదటి నమస్కారం. సెలవు రోజు అయినా తాళాలు తీసి, చివరి కుర్చీ సర్దేదాకా మాతోనే ఉన్నారు. ఇక మా ఎలక్ట్రీషియన్. లినక్స్ గురించి తనకేమీ తెలియదని ముందే అన్నాడు కానీ, అన్ని లాప్‌టాప్‌లు ఒకే ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటే ఏమవుతుందో మా అందరికన్నా అతనికే బాగా తెలుసు. లోడును రెండు లైన్లకు పంచి, నేల మీద వైర్లన్నింటికీ టేపు అంటించి, ఏ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఎన్ని ఛార్జర్లు పెట్టవచ్చో దాని మీదే రాసి పెట్టాడు. ఇన్‌స్టాలేషన్ సగంలో ఉండగా కరెంటు పోతే ఎదుటివాళ్ల డేటాకే ముప్పు. అది రాకుండా చూసినవాడు ఆ రోజు మాలో ఎవరికీ తీసిపోని సాఫ్ట్‌వేర్ కార్యకర్త.

ముందు వారమంతా పెన్‌డ్రైవ్‌లు సిద్ధం చేసిన ఇద్దరు విద్యార్థుల శ్రమ ఎవరి కంటా పడలేదు. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్‌ల ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను (ఇమేజ్‌లను) డౌన్‌లోడ్ చేశాక, ఫైలు చెడిపోలేదని తేల్చే చెక్‌సమ్ అనే విలువను ప్రతిదానికీ లెక్కించి అధికారికంగా ప్రకటించిన విలువతో సరిపోల్చారు. పెన్‌డ్రైవ్‌లోకి రాశాక, దాన్ని వేరే యంత్రంలో బూట్ చేసి చూసి గానీ పక్కన పెట్టలేదు. హాల్లో ఇంటర్నెట్ మీద భారం పడకుండా, కావలసిన ప్యాకేజీలన్నీ ముందే దించి ఒక చిన్న సర్వర్‌లో ఉంచారు. అప్‌డేట్ కోసం ఎవరూ గంటల తరబడి కూర్చోకపోవడానికి కారణం ఆ పెట్టె.

ఇన్‌స్టాలేషన్ బల్ల దగ్గరి మిత్రుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్లు చేసిన అతి గొప్ప పని, కొన్ని లాప్‌టాప్‌లను ముట్టుకోకపోవడం. ఒకాయన లాప్‌టాప్‌లో డిస్కు విండోస్‌లోని బిట్‌లాకర్‌తో గుప్తీకరించి ఉంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉంది. ఆ తాళం తెరిచే రికవరీ కీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆ స్థితిలో బూట్ అమరికలు మారిస్తే విండోస్ ఆ కీ అడిగి ఆగిపోవచ్చు, కీ దొరక్కపోతే ఆయన ఫోటోలూ లెక్కలూ ఆ గుప్తీకరణ వెనకే ఉండిపోతాయి. మా మిత్రురాలు మరో యంత్రంలో ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిపించి, కీని వెతికించి, ఆయన చేతనే కాగితం మీద రాయించింది. తర్వాత ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయించి, వాటిలో కొన్నింటిని తెరిచి చూపించింది. అప్పటికి సాయంత్రం కావస్తోంది. తొందరపడి ఈ పూటే ఇన్‌స్టాల్ చేయవద్దనీ, డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో కొన్నాళ్లు వాడి చూసి నిర్ణయించుకోమనీ చెప్పి పంపింది. మేం పెట్టుకున్న ఇన్‌స్టాలేషన్ల లెక్కలో ఆయన లేరు. నా దృష్టిలో మాత్రం ఆ రోజు అందరికన్నా బాగా సాయం అందుకున్నది ఆయనే.

మరొకరి వృత్తికి కావలసిన అకౌంట్స్ ప్రోగ్రాము విండోస్‌లో తప్ప నడవదని తేలింది. వాళ్లను విండోస్‌లోనే ఉండమని చెప్పి, లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ అనే స్వేచ్ఛా ప్రోగ్రాములు పెట్టి ఇచ్చారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టడానికి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే తీరాలని లేదు. ఎదుటి మనిషి అవసరం చూసి సలహా ఇచ్చే ఈ నిజాయతీ వల్లనే మన మాటకు విలువ ఉంటుంది.

తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల గురించి చెప్పిన మిత్రుడికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆయనకు చూపు లేదు. ప్రొజెక్టర్ ఆపేయమని అడిగి, హెడ్‌ఫోన్లు తీసి, విండోస్‌లో నడిచే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మాటలను స్పీకర్లోకి మళ్లించాడు. మొదట తను రోజూ వినే వేగంలోనే వినిపించాడు, మాకు ఒక్క మాటా అందలేదు. తర్వాత వేగం తగ్గించి, కీబోర్డు ఒక్కటే వాడుతూ ఒక ఉత్తరం టైపు చేసి, అచ్చుతప్పు దిద్ది, సేవ్ చేశాడు. ఎన్‌వీడీఏను 2006లో మైకేల్ కర్రన్ అనే ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టాడు, జేమ్స్ తే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. ఖరీదైన స్క్రీన్ రీడర్లు కొనలేనివాళ్లకూ కంప్యూటర్ అందాలన్నది వాళ్ల పట్టుదల. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంది కనుకే ఎన్నో భాషలవాళ్లు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. లినక్స్‌లో అదే పని చేసే ఓర్కాను కూడా చూపించి ఆయన ముగించేసరికి, ఈ సాఫ్ట్‌వేర్ ఎందుకో వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది.

పిల్లల బల్ల నడిపిన టీచరమ్మకు నమస్కారం. టక్స్ పెయింట్‌తో బొమ్మలు వేయించాక, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న బంతి ఆట తెరిచి, అందులో వేగాన్ని నిర్ణయించే వరుస చూపించారు. ఒక అమ్మాయి ఆ అంకెను పెంచి ఆట నడిపింది. బంతి కంటికి ఆనకుండా దూసుకుపోయింది. మళ్లీ తగ్గించింది, రంగు మార్చింది, తన పేరు చేర్చి పక్క అబ్బాయికి కాపీ ఇచ్చింది. ఏ పనికైనా వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, ఇతరులకు ఇవ్వడం, మార్చినదాన్ని కూడా పంచడం. గోడ మీద పోస్టరులో రాసిన నాలుగు స్వేచ్ఛలూ ఆ బల్ల దగ్గర కొద్ది నిమిషాల్లో అమలైపోయాయి.

చర్చలో గట్టిగా ప్రశ్నించిన పెద్దాయనకు కూడా ధన్యవాదాలు. ఇదంతా రాసేవాళ్లకు కూడు ఎవరు పెడతారని ఆయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌కు కోడ్ రాసేవాళ్లలో అధికులు కంపెనీల్లో జీతం తీసుకుంటూనే ఆ పని చేస్తున్నారనీ, తమ సర్వర్లు దాని మీదే నడుస్తున్నాయి కనుక ఆ కంపెనీలకూ అది లాభమేననీ మా వక్త చెప్పారు. అదే సమయంలో, కోట్లమంది వాడే కొన్ని చిన్న లైబ్రరీలను, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ భాగాలను, ఒకరిద్దరు ఖాళీ వేళల్లో నెట్టుకొస్తున్నారన్న సంగతినీ దాచలేదు. ఇంటర్నెట్ రాకపోకలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో 2024లో దొరికిన దొంగదారి గురించి చెప్పారు. విన్నాక ఆ పెద్దాయన విరాళం ఎలా ఇవ్వాలో కనుక్కుని వెళ్లారు.

పోస్టర్లు గీసిన, మంచినీళ్లు అందించిన, వచ్చినవాళ్ల వివరాలు రాసుకున్న, ఫోటోలు తీసేముందు ప్రతివారి అనుమతీ అడిగిన మిత్రులందరికీ వందనాలు. కార్యక్రమం ముగిశాక కూడా ప్రింటరు పనిచేయడం లేదనో వైఫై కనిపించడం లేదనో వస్తున్న ఫోన్లకు విసుగు లేకుండా జవాబిస్తున్న ముగ్గురికి నేను మరీ రుణపడి ఉన్నాను. కొత్తగా మారినవాళ్లు నిలబడేదీ వెనక్కి పోయేదీ ఈ మొదటి రోజుల్లోనే తేలుతుంది.

ఆ రోజు వాడిన స్లైడ్లు, పోస్టర్లు, పిల్లల ఆట కోడ్ అన్నీ స్వేచ్ఛా లైసెన్సుల కిందే ఉన్నాయి. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, తమ దగ్గర ఇలాంటి కార్యక్రమానికి వాడుకోవచ్చు. మాకు కబురు పెడితే పెన్‌డ్రైవ్‌లూ ఆ చిన్న సర్వరూ అరువిస్తాం, బల్ల దగ్గర కూర్చోవడానికి మాలో కొందరం వస్తాం కూడా. హాల్లో ఒక నల్లటి లాప్‌టాప్ ఛార్జరు, ఒక కళ్లజోడు మిగిలిపోయాయి. గ్రంథాలయంలో అప్పగించాం, వాటి తాలూకు వాళ్లు అక్కడ అడిగి తీసుకోగలరు.